ఇంటి గిటారునకు వాట్ల వ్యామోహము

ఎలక్ట్రిక్ గిటారు కొన్న కుఱ్ఱవానికి, కొన్న దినముననే, ఉచితముగా లభించు సలహా యొకటి కలదు. యాంప్లిఫయరు పెద్దది కొనుమనియు, చిన్నవి ఆటబొమ్మలనియు, వాట్లెంత హెచ్చిన నాదమంత ఘనమగుననియు దాని సారాంశము. నిజామాబాదు బజారులో దుకాణదారు "జర పెద్దదే తీస్కో తమ్మీ, రేపు ఫంక్షన్లల్ల గూడ పనికొస్తది" అనును. చర్చిలో గిటారు వాయించు అన్నయు, పెండ్లి ఆర్కెస్ట్రాలో వాయించు మిత్రుడును ఆ మాటకే తల యూపుదురు. తండ్రియు, ఎటులైనను వ్యయము తప్పనపుడు ఒక్కమాఱే పెద్దది కొన్నచో మఱల కొనుపని యుండదని తలచి, చేబదులు తెచ్చియైనను దానినే యింటికి చేర్చును. ఇందఱు ఏకాభిప్రాయముతో చెప్పుమాటను కాదనుట సాహసమే. అయినను, ఇంటిలో సాధన చేయువానికి ఈ సలహా ఆమూలాగ్రము తప్పని చెప్పక తీఱదు.

వాట్లనునవి యంత్రము స్పీకరునకు పంపగల శక్తికి కొలతయే కాని చెవికి వినవచ్చు శబ్దమునకు కొలత కావు. శక్తి రెట్టింపైనపుడు హెచ్చు శబ్దము 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికది కొంచెము పెరిగినట్లు తోచును, అంతే. విన్నవానికి శబ్దము రెండింతలైనదని తోచవలెనన్నచో శక్తి సుమారు పది రెట్లు కావలెను. కావున 20 వాట్ల పెట్టె 10 వాట్లదానికంటె రెండింతలు బిగ్గరగా మ్రోగునను నమ్మకము గణితమునకే విరుద్ధము. 100 వాట్లదాక పోయినగాని ఆ రెండింతలు లేవు. మంచి గిటారు స్పీకరు ఒక్క వాటు అందుకొన్నంతనే మీటరు దూరమున 95 డెసిబెళ్ల ప్రాంతమున మ్రోగును. గదిలో సాధనకు 70 డెసిబెళ్లు చాలును. ఇరువురు కూర్చుండి మాటలాడుకొను శబ్దముకంటె నిది హెచ్చే. నడుమనున్న 25 డెసిబెళ్లను శక్తిలోనికి మార్చి చూచినచో, అచట ఖర్చగునది ఒక వాటులో ఇంచుమించు మూడు వందలవ వంతు. కొన్నది యేబది వాట్లు, వాడుకొనునది యింత! ఒక్క చెరకుగడ రసము కొఱకు బోధను శక్కర్‌నగరపు మిల్లునంతయు తిప్పుమన్నట్లున్నది ఈ బేరము. (1937లో స్థాపితమైన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడినదన్న విషాదము వేఱు.)

మిగిలిన శక్తి ఊరక పడియున్న నష్టమేమి, అధికస్య అధికం ఫలం కాదా యని కొందఱు ప్రశ్నింతురు. నష్టము కలదు. పెద్ద యంత్రమునందు ఇంటికి పనికివచ్చు శబ్దమంతయు వాల్యూము బిరడాయొక్క మొదటి మెట్టులోనే యిఱుకుకొని యుండును. వ్రేలు తగిలీ తగులక మునుపే నిశ్శబ్దము గర్జన యగును, గర్జన మరల నిశ్శబ్దమగును, వీని నడుమ వాయించువానికి నిలువ నీడ దొరకదు. ఇంతకంటె సూక్ష్మమైనది మన చెవి స్వభావము. 1933లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనువారు నిరూపించినట్లు, శబ్దము తగ్గినకొలది మంద్రస్వరములను గ్రహించు శక్తి చెవికి మిక్కిలి సన్నగిల్లును. గిటారు లావు తీగ పలుకు స్వరము సెకనుకు 82 కంపనములది. రంగస్థలమునకై రూపొందిన పెట్టెను గదిలో అణచి వాయించినపుడు ముందుగా మాయమగునది ఆ గాంభీర్యమే. దుకాణములో బిగ్గరగా విని మెచ్చిన నాదము ఇంటికి రాగానే పీలగా వినబడుటకు కారణమిది. గిటారు చెడినదని యనుమానించువారికి ఈ సంగతి యెవరును చెప్పరు.

ఇక నిజామాబాదులోని కంఠేశ్వర్ వంటి పేటలో ఇండ్లెట్లున్నవో చూడుడు. నీలకంఠేశ్వరస్వామి ఆలయమును ఆశ్రయించి పెరిగిన ఈ పేటలో గోడకు గోడ తగిలి వాటాలు. ఒక వాటాలో ఇంటర్మీడియెటు పరీక్షకు చదువుకొను బాలిక, మఱియొక వాటాలో రాత్రి కొలువు ముగించుకొని పగలు నిద్రించు మనుష్యుడు, మేడమీద జబ్బుతో నున్న ముసలమ్మ. ఉక్కకు కిటికీలు తెఱచియే యుండును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాస ప్రాంతమునకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దుగా విధించినవి. రాత్రియనగా పదిగంటలు మొదలు ప్రాతఃకాలము ఆఱు వఱకు. వినాయక నిమజ్జనమునాడును పెండ్లి బరాతునాడును ఈ నియమములకు పట్టు గౌరవమెంతయో మనమెఱుగనిది కాదు. అయినను డీజే పెట్టెలు ఏడాదికి కొన్నాళ్లే మ్రోగును, గిటారు నేర్చువాడు ప్రతిదినము మ్రోగును. పైగా వాడు మ్రోగించునది పాట కాదు, ఒకే స్వరపంక్తిని తప్పుతో నూఱుమాఱులు. కళాశాలయు ట్యూషనును ముగిసి వానికి తీరిక చిక్కునది రాత్రి తొమ్మిదింటికి. మొదటివారము పొరుగువారు సహింతురు, రెండవవారము తలుపు తట్టుదురు, అటుపిమ్మట పెట్టెమీద దుప్పటి కప్పబడును. పెద్ద యంత్రము సంగీతమునకు చేయు అసలైన అపకారమిది: అభ్యాసమునే మాన్పించును.

"రేపు ఫంక్షన్లకు" అను వాదమునందే మన పెద్దలకు నమ్మకము మెండు గనుక దానిని విడిచిపెట్టరాదు. నూఱు వాట్ల గిటారు యంత్రములు పుట్టిన కాలమేదో తలచుకొనుడు. 1965 ప్రాంతమున లండనులో జిమ్ మార్షల్, ద హూ అను బృందమువారి కోరికపై వానిని నిర్మించెను. ఏలన నాటి సభాభవనములలో మైకులు పాడువాని గొంతునకే చాలీచాలకుండెను. గిటారు ధ్వని సభ చివర వఱకు పోవలెనన్నచో దాని పెట్టెయే మోయవలెను. ఆ అవసరము తీఱి యెన్ని యేండ్లాయెను! నేడు మన ఫంక్షను హాలులో ఆర్కెస్ట్రా గిటారు వాద్యకుడు చేయునదేమి? కాలిక్రింద ఎఫెక్ట్సు పెడలు పెట్టుకొని, దాని తీగను నేరుగ మిక్సరులో గ్రుచ్చును. జనమునకు వినిపించు భారము హాలువారి పెట్టెలది. చర్చిలోను అంతే. కాబట్టి రేపటి వేదిక కొఱకని కొన్న పెద్ద పెట్టె నేడు గదిలో పనికిరాదు, రేపు వేదికమీదను దాని పని యుండదు. ధ్వనిముద్రణ మాటకు వచ్చినచో, ఎరిక్ క్లాప్టన్ 1970లో మయామిలో "లైలా" గీతమునకు వాడినది ఫెండర్ ఛాంప్ అను చిన్న పెట్టె. దానికి సుమారు 5 వాట్లు, 8 అంగుళముల స్పీకరొకటి.

వాల్వుల యంత్రమే యంత్రమని వాదించువారు వేఱొక తెగ. వాల్వులు తమ శక్తి చివరియంచున పనిచేయునపుడు పలుకు మాధుర్యము నిజమే. కాని 15 వాట్ల వాల్వు పెట్టెను ఆ యంచువఱకు తెచ్చినచో వాడకట్టంతయు లేచి కూర్చుండును. ఏమియు వలదు, ఇంటిలోని హోం థియేటరో బ్లూటూతు స్పీకరో చాలుననువారు మఱొక తెగ. గిటారు స్పీకరు 5000 కంపనములకు మీది ధ్వనిని సహజముగనే త్రుంచివేయును, ఇవి త్రుంచవు. అందుచేత నాదమును గరుకు చేయు డిస్టార్షను చేర్చినంతనే చెవులు కోయునట్లుండును. బ్లూటూతులో మీటిన పిదప కొంతసేపటికి గాని స్వరము వినబడదు. తాళము నేర్చువానికి అంతకంటె శత్రువు లేదు.

అసలు మీటిన తీగకు విద్యుత్తు నేల తోడు చేయుదుమో ఆలోచింపుడు. 1969లో పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్, మామూలు మాండొలిన్ పై స్వరము మీటినంతనే ఆరిపోవుచుండగా గమకము పలుకుట కష్టమని, ఎలక్ట్రిక్ మాండొలిన్ ను చేపట్టి, జంట తీగల వాద్యమును ఐదు ఒంటితీగలకు కుదించుకొనెను. ఆయనకు కావలసినది కోలాహలము కాదు, స్వరము నిలుచుట. ఇంటిలో గిటారు నేర్చువానికిని కావలసినదదే: మీటిన స్వరము నిలిచి, మెల్లగా తగ్గి, వ్రేలు జాఱిన చోట జాఱినట్లు నిర్దాక్షిణ్యముగ వినబడుట. కనుక యంత్రమునందు ముందుగా పరీక్షింపవలసినది డిస్టార్షను లేని క్లీన్ నాదము. డిస్టార్షను మెల్లగా మీటినదానిని గట్టిగా మీటినదానిని ఒక్కటిగా చదును చేయును. దానిచాటున తప్పులన్నియు దాగును. విద్యార్థికి ఆ చాటు ఎంత ప్రియమో అంత హానికరము.

పది వాట్ల లోపలిది, వీలైనచో 8 అంగుళముల స్పీకరు గలది, హెడ్‌ఫోను రంధ్రము గలది చాలును. రోలాండ్ మైక్రో క్యూబ్ వంటిది చిన్న బ్యాటరీలు ఆఱింటితో పనిచేయును గావున కరెంటు పోయినను సాధన ఆగదు. బాస్ కటానా అను యంత్రములో 50 వాట్లదానిని అర వాటుకు దించు స్విచ్చి కలదు గదా యని ప్రతివాది యనును. ఒప్పుకొందును, కాని తయారీదారుడే ఆ స్విచ్చి పెట్టెనన్న, ఇంటికి అర వాటు చాలునని వాడును ఒప్పుకొన్నట్లే గదా! అమెరికానుండి బంధువులు తెచ్చు యంత్రము అచటి 120 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మరు లేక మన 230 వోల్టులకు తగిలింపరాదు. మూడు కాళ్ల ప్లగ్గును రెండు రంధ్రముల ఎడాప్టరులో దూర్చి ఎర్తును తప్పించుట మఱియు ప్రమాదము, ఏలన గిటారు తీగలు ఆ ఎర్తునకే కలిసియుండును, తీగలపై నుండునవి మీ పిల్లవాని వ్రేళ్లు.

దుకాణమునకు పోయినపుడు దుకాణదారు శబ్దము పెంచి చూపును. మీరు తగ్గించి చూడుడు. ప్రక్కనున్నవానితో గొంతెత్తక మాటలాడగలిగినంతవఱకు బిరడాను దించి, అచట లావు తీగను మీటుడు. స్వరము నిండుగా నిలిచినచో ధర యడుగుడు. నిలువనిచో, దానికెన్ని వాట్లున్నను, ఆ పెట్టెను అచటనే విడిచి రండు.