శిక్షణ సరే... ఆ తర్వాత?

మా వీధిలో ఒకమ్మాయి మూడు నెలలు కుట్టుశిక్షణకు పోయి సర్టిఫికెట్టు తెచ్చుకుంది. "అక్కా, ఇప్పుడు దీంతో ఏం చేసేది?" అంది. నాకు జవాబు తోచలేదు.

గ్రామీణ యువత స్వయం ఉపాధికని 1979లో 'ట్రైసెం' పథకం పెట్టారు. 1999లో దాన్ని స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపేశారు. పని నేర్పారు గానీ, ఆ పనికి గిరాకీ ఉందా అని చూసింది తక్కువ. 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కొంత మేలు. నేర్చుకున్నవారిలో 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని, మూడోవంతు స్త్రీలుండాలని అందులో నిబంధన.

మన ఆడపిల్లలకు చేతకాదనుకుంటే సత్యవేడు దగ్గరి శ్రీసిటీని చూడండి. అక్కడ 2015లో మొదలైన సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలే. కాబట్టి లోటు తెలివిలో లేదు. రాత్రి షిఫ్టు దిగాక ఇల్లు చేర్చే బస్సు, భయంలేని హాస్టలు... ఇవి లేకుంటే ఇంట్లోవాళ్లు పంపరు, సర్టిఫికెట్టు బీరువాలోనే ఉండిపోతుంది. ప్రభుత్వం లెక్కగట్టాల్సింది ఎందరికి నేర్పామన్నది కాదు, ఏడాది తర్వాత ఎందరు పనిలో ఉన్నారన్నది.

అమ్మాయిని శిక్షణలో చేర్చేముందు మనమూ అడుగుదాం: "ఉద్యోగం ఎక్కడ? జీతమెంత? ఉండేదెక్కడ?"