పిల్లల ప్రశ్నకు భయం జవాబు కాదు

"అబ్బా! మన పాలపుంతను ఇంకో గెలాక్సీ ఢీకొంటుందటగా? కృష్ణబిలం మనల్ని మింగేస్తుందా?" అని పిల్లలు అడుగుతుంటారు. మనలో కొందరం "ముందు నీ చదువు చూసుకో" అని కసురుకుంటాం. మరికొందరం సెల్‌ఫోన్‌లో వచ్చిన ప్రళయ వార్తనే తిరిగి వినిపిస్తాం. రెండూ సరికావు. తెలిసినంత నిజం చెప్పడం మన బాధ్యత.

ఆ నిజం ఏమిటి? పెద్ద గెలాక్సీల నడిబొడ్డున సాధారణంగా ఒక భారీ కృష్ణబిలం ఉంటుంది. మన పాలపుంతలోని దాని బరువు సూర్యుడికి సుమారు 40 లక్షల రెట్లు. రెండు గెలాక్సీలు కలిసిపోయేటప్పుడు వాయువు, ధూళి కేంద్రాల వైపు జారుతాయి. బిలంలో పడబోయే వాయువు విపరీతంగా వేడెక్కి వెలుగుతుంది. అప్పుడు ఆ బిలం మేల్కొన్నట్టే.

ఎన్‌జీసీ 6240 అనే గెలాక్సీ అలాంటి కలయికే. అది మనకు 30 కోట్లకు పైగా కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో రెండు కేంద్రాలున్నాయని తెలిసినా, ధూళి అడ్డుపడి లోపలి సంగతి తేలలేదు. 2002లో చంద్ర ఎక్స్ కిరణాల టెలిస్కోపు ఆ ధూళిని దాటి చూసింది. రెండింటిలోనూ మేల్కొన్న కృష్ణబిలాలున్నాయి! వాటి మధ్య దూరం సుమారు 3,000 కాంతి సంవత్సరాలు. అవి ఒకటి కావడానికి ఇంకా కోట్లాది సంవత్సరాలు పడుతుంది.

మరి మన సంగతి? పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది మనల్ని ఢీకొనడం ఖాయమని 2012లో శాస్త్రజ్ఞులు చెప్పారు. 2025లో కొత్త కొలతలతో లెక్క సరిచూసి, రాబోయే 1,000 కోట్ల ఏళ్ళలో అందుకు అవకాశం దాదాపు సగమేనన్నారు. తప్పు దిద్దుకోవడంలోనే శాస్త్రం బలం ఉంది.

ఇది మనకు కొత్త పాఠమా? ఆండ్రోమెడాను చిన్న మబ్బుగా క్రీ.శ. 964 ప్రాంతంలో గ్రంథస్థం చేసినవారు పర్షియాకు చెందిన అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ. టాలెమీ రాసిందే వేదమనుకోకుండా, నక్షత్రాల వెలుగును స్వయంగా చూసి సరిదిద్దారాయన.

ఆయన పేరు సభల్లో చెప్పుకుని మురిసిపోతే చాలదు. ప్రళయ సందేశం వస్తే, పదిమందికి పంపేముందు నిజానిజాలు విచారిద్దాం. పిల్లలు తెలియనిది అడిగితే "కలిసి తెలుసుకుందాం రా" అందాం. చలికాలం మొదట్లో, ఊరి దీపాలకు దూరంగా, ఆ చిన్న మబ్బు మామూలు కంటికే కనిపిస్తుంది. ఒక్క రాత్రి వాళ్ళ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిద్దాం.