మనవాడే గాని...

"మనవాడైతే చాలునండీ, కళ్ళు మూసుకుని ఓటేస్తారు" అన్నారు మా పక్కింటి ప్లీడరుగారు. నిజమే, నేనూ ఒకమారు మా ఊరివాడని వేశాను. అయిదేళ్ళలో ఆయన మా వీధి మొహం చూడలేదు!

కాని జనం ఎప్పుడూ నా అంత అమాయకులు కారు. ఆచార్య రంగాగారిది మన నిడుబ్రోలు. అయినా 1962లో ఇంటిపట్టున తెనాలిలోనే ఓడిపోయారు. తర్వాత ఆయన్ను పార్లమెంటుకు పంపింది ఎక్కడో ఉన్న చిత్తూరు. 1984లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికి పోయినా, గుంటూరు మాత్రం కాంగ్రెసువారైన రంగాగారినే గెలిపించింది.

అమెరికాలోనూ అంతే. క్లింటన్ పక్కన ఉపాధ్యక్షుడుగా నిలిచినప్పుడు అల్ గోర్‌ను సొంత రాష్ట్రం టెనెసీ రెండుసార్లు ఆదరించింది. 2000లో ఆయనే అధ్యక్షపదవికి నిలబడితే, కాదంది. తుపాకుల మీద ఆంక్షలంటే అక్కడి పల్లెలకు గిట్టదు. పైగా ఆయన వాషింగ్టన్ మనిషైపోయాడని గొణిగినవారూ ఉన్నారు. టెనెసీ ఎలక్టర్లు 11 మందీ దక్కివుంటే, ఫ్లోరిడా తగాదాతో పనిలేకుండానే ఆయన గెలిచేవాడు.

ఊరిపేరు మనిషిని గుమ్మందాకా తెస్తుంది. పీట వేయించుకోవడం ఆయన నడత మీద ఉంటుంది. ఈ మాటే ప్లీడరుగారితో అంటూంటే, కాఫీ తెచ్చిన మా ఆవిడ అందుకుంది:

"అల్లుళ్ళకైనా అంతేగదండీ!"