పెట్టె విప్పి చూడండి, లిపిని నిందించకండి

"తెలుగు లిపి యంత్రానికి లొంగదు" అన్న మాట ఉద్యోగకాలమంతా నా చెవిలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. 1990లలో ఒక శిక్షణ సదస్సులో ఒక అధికారి వేదికనెక్కి, మీ వత్తులూ గుణింతాలూ కుదించుకుంటే తప్ప కంప్యూటరు మీ గడప తొక్కదని ఉపన్యసించారు. సభలో ఉన్న తెలుగు పండితులమంతా తలలు వంచుకొని విన్నాం. అభ్యంతరం చెప్పిన వాడు ఒక్కడు లేడు. చెప్పడానికి మాకేం తెలుసు గనుక? ఆ పెట్టె లోపల ఏముందో మాలో ఎవరమూ చూడలేదు. నిజానికి ఆయనా చూడలేదని నాకు ఈమధ్యనే తెలిసింది.

అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పాత పుస్తకాలు వెతకడం నాకు చిరకాల వ్యసనం. అక్కడి నుంచి నాంపల్లి స్టేషను వైపు నడుస్తూ, ఒక సందులో పాత ఇనుము కొట్టు ముందు ఆగాను. మూడు టెర్మినళ్ళు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. 1995 ప్రాంతంలో రైల్వే రిజర్వేషను కిటికీ వద్ద వరుసలో నిలబడి గుమాస్తా భుజం మీదుగా తొంగిచూసిన ఆకుపచ్చ అక్షరాల పెట్టెలు ఇలాంటివే. తయారీదారు పేరున్న పలక ఊడిపోయింది. "పంతులుగారూ, దీన్నేం చేసుకుంటారు? లోపలి పలకలు వేరే తూకం, గాజుకు రేటే లేదు" అన్నాడు కొట్టువాడు. ఒకటి కొన్నాను.

నా పూర్వవిద్యార్థి ఒకడు టీవీలు బాగుచేసే వృత్తిలో ఉన్నాడు. పెట్టె విప్పింది అతడే. "మాస్టారూ, ట్యూబు జోలికి మాత్రం రాకండి, తీగ పీకేసినా వేల వోల్టులు దాచుకొని ఉండొచ్చు" అని నన్ను దూరంగా కూర్చోబెట్టాడు. (యాభై ఏళ్ళ శిష్యుడు గురువును మందలించడం సుఖంగానే ఉంటుంది.)

ఈ వంశానికి ఆదిపురుషుడు అమెరికాలో డెక్ సంస్థ 1978లో విడుదల చేసిన వీటీ-100. ఇంటెల్ 8080 ప్రాసెసరు, 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరాలు. మాకు దొరికినది దాని అడుగుజాడల్లో నడిచినదే. ఇటువంటి యంత్రం తెరమీది బొమ్మను బొమ్మగా దాచుకోదు. ప్రతి గడిలోనూ ఒక అంకెను మాత్రమే దాచుకుంటుంది. ఆ అంకెను తీసుకొని ఒక చిన్న చిప్పును అడుగుతుంది: ఈ అంకె గల అక్షరానికి ఈ అడ్డగీతలో ఏయే చుక్కలు వెలగాలి? చిప్పు ఎనిమిది చుక్కలు చెబుతుంది. అవి ఒకదాని వెంట ఒకటి ట్యూబులోని కిరణానికి అందుతాయి. అంటే అక్షరాభ్యాసమంతా ఆ ఒక్క చిప్పులోనే జరిగింది. మా దానిలో ఆ చిప్పు మీద చిన్న గాజు కిటికీ, దానిమీద కాగితపు ముక్క అంటించి ఉంది. సామర్థ్యం రెండు కిలోబైట్లు.

శిష్యుడు దాన్ని చదివి, చుక్కలుగా అచ్చు వేసి ఇచ్చాడు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని శాసనాలకు కాగితం అద్ది నకలు తీసినట్టుంది నాకు. 128 రూపాలు. ఒక్కొక్క రూపానికి 16 అడ్డగీతల చోటు. అయితే తెరమీదికి వచ్చేవి పది మాత్రమే! మిగిలిన ఆరు గీతలు ప్రతి అక్షరం కిందా ఖాళీగా, సున్నాలతో పడి ఉన్నాయి.

ఆ ఆరు గీతలను చాలాసేపు చూశాను. మన వత్తు ఉండవలసిన చోటది.

అసలు చిప్పును చెరపవద్దని చెప్పి, మరొక ఖాళీ చిప్పు తెప్పించి, గళ్ళకాగితం మీద నేను అక్షరాలు గీసి ఇచ్చాను. అ, క, ర, ల చక్కగా వెలిగాయి. 'రాష్ట్రం' దగ్గర బోర్లాపడ్డాం. షకారం కింద టవత్తు, దాని పక్కన క్రావడి, ఇవన్నీ పది గీతల్లో ఇమడలేదు.

అదిగో, లిపిదే దోషం అంటారా? లెక్క చూద్దాం. హల్లులు ముప్ఫైయారు, వాటి వత్తులు అన్నే, గుణింతపు గుర్తులు పద్నాలుగు. కూడికలో ఇవి 86. గుణించుకుంటూ పోతే పద్ధెనిమిది వేలు దాటుతాయి. మనల్ని బెదిరించినవారు ఎప్పుడూ గుణకారమే చూపించారు. కానీ బడిలో పిల్లవాడు పద్ధెనిమిది వేల రూపాలు బట్టీపట్టడు. భాగాలు నేర్చుకొని కలుపుకుంటాడు. కాబట్టి అడ్డుపడినది సంఖ్య కాదు. ఒక గడిలో ఒకే రూపం ఉండాలి, దాని ఎత్తు పది గీతలే ఉండాలి అన్న రెండు ఏర్పాట్లు. 24 పంక్తులకు పదేసి చొప్పున 240 గీతలు. అదే తెరమీద పదహారేసి గీతలిస్తే పదిహేను పంక్తులు వస్తాయి. తెలుగువాడికి పదిహేను పంక్తులు చాలవని ఎవరు తేల్చారు?

అమెరికా ఇంజనీర్లను నేను తప్పుపట్టను. జ్ఞాపకశక్తి చిప్పులు ఖరీదైన కాలంలో వారు తమ భాషకు సరిపడా కొలత తీసుకొని చొక్కా కుట్టుకున్నారు. ఆ చొక్కా మనకు పట్టలేదని మన చేతులు నరుక్కోమన్న దేశీయ పెద్దలతోనే నా తగవు.

ఏర్పాటు మార్చవచ్చునని చూపించినవారు మన దేశంలోనే ఉన్నారు. కాన్పూరు ఐఐటీలో 1983లో దేవనాగరి టెర్మినల్ తయారయింది. ఆ కృషి నుంచే జిస్ట్ పరిజ్ఞానం వచ్చింది. 1988లో ఏర్పడిన పుణె సీడాక్ దానిని కార్డులుగా, టెర్మినళ్ళుగా వ్యాప్తిలోకి తెచ్చింది. 1991లో ప్రమాణమైన ఇస్కీ పద్ధతిలో 'క్ష' అనేది క, పొల్లు, ష. అంతే. యంత్రం వర్ణాలను దాచుకుంటుంది, రూపాన్ని తరువాత కట్టుకుంటుంది. ఏ లిపిలో చూపించాలన్నది చివరి మాట. ఇది మన వ్యాకరణం చెప్పే వర్ణక్రమమే! పండితులమై ఉండి ఆ సంగతి మేము గుర్తించలేదు. యూనికోడ్ తెలుగు వరుస కూడా ఇస్కీ అడుగుల్లోనే నడిచింది. మీరిప్పుడు చదువుతున్న ఈ అక్షరాలు ఆ వరుసలోనివే.

ఇదంతా దూరప్రాంతపు కథ కూడా కాదు. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, ట్రాంబేలో 1969లో రూపొందిన టీడీసీ-12 వరుస కంప్యూటర్లను తయారుచేసినది మన హైదరాబాదులోనే. ఇంత చరిత్ర గల ఊరిలో పాత టెర్మినల్ విలువ తూకపురాళ్ళతో తేలుతోంది. కరిగించవద్దని నేననడం లేదు. ట్యూబు గాజులో సీసం ఉంటుంది, దాన్ని ఇంట్లో పోగుచేయమని ఎవరికీ సలహా ఇవ్వను. కరిగించే ముందు ఒకసారి విప్పండి, చిప్పులో ఏముందో చదివి భద్రపరచండి అంటున్నాను. తాళపత్రం చెదలకు పోతే గుండె బాదుకునే వారికి, మన లిపి తొలిసారి చుక్కలుగా మారిన చిప్పు ఉలిదెబ్బకు పోతే చీమ కుట్టినట్టయినా లేదేమి?

భాషాశాస్త్ర విభాగాలవారు ఈ పని తమది కాదంటారు, ఇంజనీరింగు కళాశాలలవారు పాతసరుకు మాకెందుకంటారు. ఇద్దరినీ అడిగి చూసే ఈ మాట అంటున్నాను.

కొట్టులో మరి రెండు పెట్టెలున్నాయి. వాటిలో ఒకదాని మీటల పక్కన మాసిపోయిన నాగరి అక్షరాల చీటీలు అంటించి ఉన్నట్టు నాకు తరువాత స్ఫురించింది. కొట్టువాడికి కబురు చేశాను. వచ్చే ఆదివారం దాకా ఉంచుతానన్నాడు, ఆపై ఉంచనన్నాడు. శిష్యుడు తన పనిముట్ల సంచీ సిద్ధం చేసుకున్నాడు.