గాలి లెక్క తప్పితే గోడకు గండం

వేసవి ముదిరితే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఈదురుగాలుల బెడద తప్పదు. 2024 ఏప్రిల్ 22 రాత్రి పెద్దపల్లి జిల్లా ఓడేడు వద్ద మానేరుపై నిర్మాణంలో ఉన్న వంతెన గర్డర్లు గాలి ధాటికి కూలాయన్న వార్త కలవరపరిచింది. బరువైన గర్డర్ల పరిస్థితే అదైతే సుల్తానాబాద్ బియ్యం మిల్లులు, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల రేకుల గోడల మాటేమిటి?

ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు నిర్దేశించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. ఎత్తు, పరిసరాలను బట్టి మార్పులున్నా, ఆ వేగానికి చదరపు మీటరుపై దాదాపు 118 కిలోల ఒత్తిడి పడుతుంది. రేకులు దాన్ని గర్టులనే అడ్డ ఇనుములకు, అవి స్తంభాలకు అందిస్తాయి. గర్టు పలు స్తంభాల మీదుగా ఏకధాటిగా సాగుతుందని లెక్క వేసి, తీరా పనిలో ముక్కలను స్తంభం వద్ద నామమాత్రపు వెల్డింగుతో అతికితే ఆ లెక్కే చెల్లదు. వంచే బలాన్ని పదో వంతు సూత్రానికి బదులు ఎనిమిదో వంతుతో కట్టాలి. అంటే పావు వంతు అధికం.

అసలు ప్రమాదం పీల్పుతోనే. షట్టరు తెరిచి ఉంటే లోపల చొరబడిన గాలి గోడను బయటికి నెడుతుంది, బయటి పీల్పు దానికి తోడవుతుంది. రేకు ఆసరా లేని లోపలి అంచు నొక్కుడుకు మెలి తిరుగుతుంది. మూలల్లో పీల్పు మరీ తీవ్రం. యాసంగి ధాన్యం మిల్లులకు చేరేదీ, హమాలీలు ఆ గోడల పక్కనే బస్తాలు మోసేదీ సరిగ్గా ఈ గాలుల రోజుల్లోనే.