ఇంగ్లిష్ ఎం.ఏ. క్లాసులో నాటకం ఆడాలి

షేక్‌స్పియర్ ‘మెజర్ ఫర్ మెజర్’ చివరి సీనులో డ్యూక్ ఇసబెల్లాను పెళ్లాడతానంటాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. సన్యాసినుల మఠంలో చేరబోయిన ఆ అమ్మాయి ఏమని బదులిచ్చిందో రచయిత రాయలేదు. పుస్తకం చదివేవాళ్ల కన్ను లేని మాటను దాటేసి పోతుంది. ఆ వేషం కట్టినామెకు అలా కుదరదు. చెయ్యి అందివ్వాలో, వెనక్కి తగ్గాలో తేల్చుకోవాల్సిందే. 1970లో జాన్ బార్టన్ రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి ఈ నాటకం చేయించినప్పుడు ఇసబెల్లా డ్యూక్ మాటకు ఒప్పుకోలేదు, రంగం మీద ఒంటరిగా మిగిలింది. పెళ్లితో ముగిసిపోవాల్సిన కామెడీ ఆ మౌనంతో పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. నాటకాన్ని సాహిత్యంగా చదవడమంటే ఇలాంటి చోట ఆగి ఆలోచించడమే. ఆడి చూడకుండా అక్కడ ఆగడం చాలా కష్టం. అందుకే ఇంగ్లిష్ సాహిత్యాన్ని, రంగస్థలాన్ని విశ్వవిద్యాలయాల్లో కలిపి చెప్పాలని నా వాదన.

షేక్‌స్పియర్ నాటకాలు పుట్టిన తీరే ఈ వాదనకు సాక్ష్యం. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో, 36 నాటకాలను ఒక సంపుటిగా అచ్చుకు చేర్చినవాళ్లు ఆయన తోటి నటులిద్దరు, హెమింజ్, కాండెల్. అందులో సగం అంతకుముందు అచ్చు కానివే. గ్లోబ్ నాటకశాలలో ఆటలు మధ్యాహ్నం, ఆరుబయటి వెలుతురులో నడిచేవి కనుక ‘మాక్బెత్’ చీకటిని మాటలతోనే కట్టాల్సి వచ్చింది. ‘కింగ్ లియర్’లో కళ్లు పోయిన గ్లాస్టర్‌ను డోవర్ కొండ అంచుకు తెచ్చానని కొడుకు ఎడ్గర్ నమ్మిస్తాడు. నిజానికి వాళ్లున్నది చదును నేల మీద. సెట్టింగులు లేని రంగం మీద కొండ ఉందో లేదో చూసేవాళ్లకూ వెంటనే తేలదు. ఆ గుడ్డితనం కాసేపు వాళ్లదీ అవుతుంది. అచ్చుప్రతిలో ఫుట్‌నోటు ఆ గుట్టును ముందే విప్పేస్తుంది. అయినా బ్రిటన్‌లో నాటకానికి మొదటి విశ్వవిద్యాలయ విభాగం 1947లో బ్రిస్టల్‌లో మొదలైంది. ఇంగ్లిష్ చదువు అప్పటికే ఎంతో పాతుకుపోయి ఉంది. ఆ ఆలస్యం ఖరీదు ఇప్పటికీ కడుతున్నాం.

నాటకాన్ని ఆడి చూడాలనడానికి గట్టి అభ్యంతరం 1811లోనే వ్యాసకర్త చార్లెస్ లాంబ్ చెప్పాడు: లియర్‌ను రంగం మీద ఆడలేరు, ఆ మనసు లోతు ఏకాంతంగా చదివితేనే అందుతుందని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ లాంబ్ నాటి రంగస్థలం మీద ఆడింది నేహమ్ టేట్ 1681లో తిరగరాసిన లియర్. అందులో రాజు బతుకుతాడు, కార్డీలియా పెళ్లి చేసుకుంటుంది, విదూషకుడే ఉండడు. ఆ విదూషకుడు 1838లో నటుడు మెక్రెడీ ప్రదర్శనతో గానీ తిరిగి రాలేదు. లాంబ్‌కు రంగం మీద దొరికింది షేక్‌స్పియర్ నాటకం కాదు, దాన్ని చెడగొట్టిన ప్రతి.

మన దగ్గర వినిపించే అభ్యంతరాలు వేరు. స్టేజీ లేదు, లైట్లు లేవంటారు. బెంచీలు పక్కకు జరిపితే గ్లోబ్‌కు ఉన్నంత ఖాళీ రంగం మనకూ ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు నలుగురిలో ఇంగ్లిష్ పలకడానికి జంకుతారన్నది మాత్రం నిజమైన ఇబ్బంది. గైడు బట్టీ పట్టించడం వల్ల ఆ జంకు పోదు, పైగా ముదురుతుంది. రిహార్సల్లో ఒకే వాక్యాన్ని పదిసార్లు పలకొచ్చు, తప్పులు దిద్దుకోవచ్చు, పాత్ర ఎందుకలా అందో తెలుగులోనే వాదించుకోవచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్, రంగస్థల విభాగాలు రెండూ ఉన్నాయి. ఉమ్మడి పేపరు పెట్టడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. మిగతా కాలేజీల్లో నాటకం పేపరు ఇంటర్నల్ మార్కుల్లో కొంత ఒక సీనుకు కేటాయిస్తే చాలు. నలుగురైదుగురు కలిసి ఆడాలి, ఎందుకలా ఆడారో ఒక్కొక్కరూ మూడు పేజీలు రాసివ్వాలి. మార్కులు నటనకు కాదు, ఆ పేజీల్లో చూపిన కారణాలకు వెయ్యాలి.