వాక్యం ముక్కతో కడుపు నిండదు

పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి ఫోన్ తీస్తే నాకు పదకొండు వాక్యాలు వచ్చి ఉంటాయి. లెక్కపెట్టే చెప్తున్నాను. మా స్త్రీల కూటం గ్రూపులో నాలుగు, ఆడపడుచుల గ్రూపులో మూడు, మిగతావి విడివిడిగా. గులాబీ పువ్వు, సూర్యోదయం, ఎగిరే పావురం, దాని మీద ఒక వచనం. కింద వరసగా ఆమెన్, ఆమెన్, ఆమెన్. నేనూ ఒక ఆమెన్ కొట్టి, ఇంకో రెండు గ్రూపులకి పంపి, ఈలోగా పాలు పొంగితే పరిగెత్తేదాన్ని. ఈరోజుకి వాక్యధ్యానం అయిపోయింది అనుకునేదాన్ని.

ఇవాళ నేను రాసేది చదివి కొందరికి కోపం వస్తుందని తెలుసు. వచ్చినా పర్వాలేదు, చివరిదాకా చదివి కోప్పడండి. ఇలా ముక్కలు చేసి పంచుకునే వాక్యం మనల్ని పోషించడం లేదు. కొన్నిసార్లు గాయం చేస్తోంది కూడా. తప్పు వాక్యానిది కాదు, ముక్కలు చేసిన మన చేతులది.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. కొన్నేళ్ల కిందట మా ఆయన ఉద్యోగం మానేసి బట్టల షాపు పెడదామనుకున్నారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు పళ్లెంలో పెట్టి తెచ్చారు. అందరూ కళ్లు మూసుకుని తలా ఒకటి తీసుకున్నాం. మా ఆయనకి యోబు గ్రంథం ఎనిమిదో అధ్యాయం ఏడో వచనం వచ్చింది. మీలో చాలామందికి అది నోటికి వచ్చే ఉంటుంది. మొదట కొంచెంగా ఉన్నా చివరికి బాగా వృద్ధి పొందుతావు అనే అర్థం వచ్చే మాట. కొత్త షాపుల్లో, ఆటోల వెనక, గృహప్రవేశం కార్డుల మీద కనిపిస్తూనే ఉంటుంది.

ఇంకేం కావాలి? దాన్ని ఫ్రేము కట్టించి షాపులో గల్లాపెట్టె పైన తగిలించాం. మొదటి సంవత్సరం నష్టం వచ్చింది. "దేవుడు మాట ఇచ్చాడు, మొదట కొంచెంగానే ఉంటుందన్నాడు కదా" అని ఆయన ఇంకో అప్పు తెచ్చారు. నా గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టారు. నేను అడ్డు చెప్పలేదు. దేవుడి మాటకి ఎదురు చెప్పడానికి నేనెవర్ని? రెండున్నరేళ్లకి షాపు మూసేశాం. సొంతిల్లు అమ్మి అప్పులు తీర్చి అద్దె ఇంట్లోకి వచ్చాం. ఆ ఫ్రేము బీరువా వెనక గోడవైపు తిరిగి నిలబడింది. మా ఆయన గుడికి రావడం మానేశారు. "నేను మాట తప్పలేదు, ఆయనే తప్పాడు" అన్నారు ఒకే ఒకసారి. తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

నా దగ్గర జవాబు లేదు. ఏడాదిపాటు లేదు. ఒకరోజు రాత్రి నిద్రపట్టక యోబు గ్రంథం మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాను. ఏడో వచనం ఒక్కటే కాదు, దాని ముందున్నదీ వెనకున్నదీ అంతా చదివాను. చదివాక నాకు ఒళ్లు చల్లబడింది.

ఆ మాట అన్నది దేవుడు కాదు. బిల్దదు. యోబును ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడు. అన్నది ఎవరితో? ఏడుగురు కొడుకుల్ని, ముగ్గురు కూతుళ్లని ఒక్కరోజులో పోగొట్టుకుని, ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న తండ్రితో. ఆ మాటకి కొంచెం ముందు బిల్దదు ఏమన్నాడో తెలుసా? నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దాని ఫలితం అనుభవించారు అన్నాడు. పిల్లల్ని పోగొట్టుకున్నవాడి మొహం మీద! ఆ తర్వాత, నువ్వు నిజంగా పవిత్రుడివైతే మళ్లీ బాగుపడతావు అని షరతు పెట్టాడు. ఆ షరతుని కూడా కత్తిరించేసి మిగిలిన ముక్కని మనం వాగ్దానం అంటున్నాం. ఇక చివరి అధ్యాయంలో దేవుడు ఈ ముగ్గురి మీదా కోపపడి, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అంటాడు.

అంటే మా గల్లాపెట్టె పైన రెండున్నరేళ్లు తగిలించుకున్నది దేవుడు మందలించిన మనిషి మాట.

తెల్లారి మా ఆయనకి చూపించాను. పుస్తకం తీసుకుని తనే చదువుకున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మరి ఎవరూ చెప్పలేదేంటే?" అన్నారు. ఆ ప్రశ్నే నాచేత ఇది రాయిస్తోంది.

నేను బీఏ తెలుగు చదువుకున్నాను. పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్యలు అని ఒక ప్రశ్న వచ్చేది, మీకూ గుర్తుండే ఉంటుంది. ఒక పద్యపాదం ఇస్తారు. అది ఏ కావ్యంలోది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, దాని భావమేమిటి, అన్నీ రాయాలి. సందర్భం రాయకుండా భావం ఎంత అందంగా రాసినా మా మాస్టారు మార్కులు వేసేవారు కాదు. శకుని అన్న మాట తీసుకుని ఇది భారతం చెప్పిన నీతి అని రాస్తే ఊరుకుంటారా? నన్నయకీ తిక్కనకీ ఇచ్చిన ఆ మర్యాద దేవుడి వాక్యానికి ఎందుకు ఇవ్వం?

ఇంకొకటి చూడండి. యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండో వచనం. మన గ్రూపుల్లో ఇది తిరగని వారం ఉండదు. మీ మేలు కోసమే నా ఆలోచనలు, మీకు మంచి భవిష్యత్తు ఉంది అనే భావం. ఇది దేవుడి మాటే, అనుమానం లేదు. కానీ అది బబులోనుకి బందీలుగా పోయినవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దానికి ఒక్క వచనం ముందే డెబ్బై ఏళ్లు అని ఉంది. వింటున్న పెద్దవాళ్లలో చాలామంది అప్పటికి బతికి ఉండరు. ఇరవై ఎనిమిదో అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త వచ్చి, డెబ్బై కాదు, రెండేళ్లలో అన్నీ తిరిగొస్తాయి అని జనం ముందు చెప్పాడు. యిర్మీయా మెడ మీది కాడిని విరగ్గొట్టి మరీ చెప్పాడు. దేవుడు నిన్ను పంపలేదు, నువ్వు ఈ జనం చేత అబద్ధాన్ని నమ్మిస్తున్నావు అన్నాడు యిర్మీయా. హనన్యా ఇప్పుడుంటే అతని మాటలకే ఎక్కువ ఆమెన్లు పడేవి. మనకి కావలసింది రెండేళ్లే కదా, డెబ్బై ఎవరికి కావాలి?

కానీ అదే ఉత్తరం పైనుంచి చదివితే నాకు దొరికింది చూడండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసి వాటి పంట తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. చెరలో ఉన్నవాళ్లతో అన్న మాటలివి! సొంతిల్లు పోయి అద్దెకొచ్చాక మూడు నెలలు నేను కర్టెన్లు కూడా కట్టలేదు. ఇది మనది కాదు కదా అని. ఆ అధ్యాయం చదివిన వారం మేడమీద నాలుగు కుండీలు పెట్టి గోంగూర, తోటకూర వేశాను. కింద వాటాలో ఉన్న ఇంటి ఓనరు పిన్నిగారితో అప్పటిదాకా మాట్లాడనిదాన్ని, మొదటి కోత ఆవిడకే ఇచ్చాను. నాకు దొరికిన ఆదరణ ఇది. ఇది పదకొండో వచనంలో లేదు, దాని పైన ఆరు వచనాల్లో ఉంది.

ముక్క వాక్యం ఆడవాళ్లకి చేసే హాని ఇంకా పెద్దది. మా కూటానికి ఒకామె చెంప వాచి వచ్చింది. తాగి కొట్టాడని అందరికీ తెలుసు. ఒక పెద్దావిడ తల నిమిరి ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం ఇరవై రెండో వచనం చెప్పింది, భార్యలు లోబడి ఉండాలని. ఆ అమ్మాయి తల వంచుకుని వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుని నోరు మెదపలేదు. దానికి ఈరోజుకీ సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే ఇరవై ఒకటో వచనం ఒకరికొకరు లోబడమంటుంది. భార్యల గురించి మూడు వచనాలుంటే భర్తల గురించి అంతకు రెట్టింపు పైనే ఉంది. భార్య కోసం ప్రాణం పెట్టమని, సొంత శరీరాన్ని చూసుకున్నట్టు చూసుకోమని ఉంది. సొంత చెంప ఎవరు వాచేలా కొట్టుకుంటారు? ఆ వచనాలు ఫ్రేము కట్టించి మగవాళ్లకి పంచిన కూటం నేను చూడలేదు. పౌలునే చూడండి. అపొస్తలుల కార్యములు ఇరవై రెండో అధ్యాయంలో కొరడాలతో కొట్టబోతే, నేను రోమా పౌరుణ్ణి, విచారణ లేకుండా కొట్టొచ్చా అని చట్టం అడిగాడు. గృహహింస నుంచి ఆడవాళ్లని కాపాడడానికి మనకి 2005లో చట్టం వచ్చింది. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. దానికి ఫోన్ చేయడం అవిశ్వాసం కాదమ్మా. పౌలు చేసిన పనే.

ఇక మీరు అడగబోయేవి నాకు తెలుసు. గ్రంథంలో ఉన్నదంతా దేవుని వాక్యమే కదా అంటారు. అవును, నేనూ అదే నమ్ముతాను. కానీ అందులో సాతాను మాటలు కూడా రాసి ఉన్నాయి. వాడు అలా అన్నాడన్నది నిజం, వాడన్నది వాగ్దానం కాదు. అంతెందుకు, మత్తయి నాలుగో అధ్యాయంలో ప్రభువుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు సాతాను చూపించింది ఏమిటి? తొంభై ఒకటో కీర్తనలోంచి కోసిన ముక్కే! వాక్యం నోటికి రావడం వాడికీ వచ్చు. ప్రభువు ఆ ముక్కకి ఆమెన్ అనలేదు. ఇలా కూడా రాసి ఉంది అని ఇంకో వాక్యంతో సరిచేశాడు.

ఇంటిపనితో తీరికెక్కడిది, ఒక్క వచనమైనా మేలే కదా అంటారు. ఒక్క వచనం చదివినవాళ్లని నేను తప్పు పట్టను. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒక్క మాట పట్టుకుని రాత్రంతా గడిపినదాన్నే నేనూ. కానీ పోపు ఘుమఘుమలాడిందని పోపుతోనే భోజనం చేస్తామా? రాత్రి సీరియల్ ఒక్క ఎపిసోడు తప్పిపోతే ముందేం జరిగిందని నలుగురికి ఫోన్ చేస్తాం. యోబుకి ముందేం జరిగిందో మాత్రం అడగం.

చదువురాని వాళ్ల సంగతేమిటి అని ఇంకో ప్రశ్న. మా నాయనమ్మకి సంతకం కూడా రాదు. సాయంత్రం దీపం పెట్టాక మాలో ఒకళ్లని కూర్చోబెట్టి అధ్యాయం మొత్తం చదివించుకునేది. మధ్యలో ఆపితే ఊరుకునేది కాదు. "అటుపక్క ఏమైందే?" అనేది. రూతు కథ ఆవిడ చెప్పినట్టు నేను ఎక్కడా వినలేదు. నువ్వెక్కడికి వెళ్తే అక్కడికి వస్తానని రూతు అన్న మాటలు పెళ్లిళ్లలో భార్యాభర్తల గురించి చెప్తుంటే ఆవిడ గట్టిగా నవ్వేది. "అది అత్తతో అన్న మాటరా అబ్బాయ్" అనేది. చదువురాని మనిషికి సందర్భం తెలుసు. బీఏ చదివిన నాకు గల్లాపెట్టె మీద ఎవరి మాట ఉందో తెలియలేదు.

నేనిప్పుడు చేస్తున్నది చెప్తాను, మీకు నచ్చితే చేయండి. రోజుకి ఒకే అధ్యాయం. ఒక పుస్తకం మొదలుపెడితే అది అయ్యేదాకా ఇంకోటి తెరవను. రూతు నాలుగు రోజులు పడుతుంది, ఫిలిప్పీ పత్రిక నాలుగు రోజులు, మార్కు సువార్త పదహారు రోజులు. మొత్తం గ్రంథంలో 1189 అధ్యాయాలు, అంటే మూడేళ్ల మూడు నెలలు. తొందరేముంది? పక్కన పిల్లల పాత నోట్‌బుక్ పెట్టుకుని నాలుగు మాటలు రాస్తాను. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ముందేం జరిగింది, ఈరోజు నేను చేయవలసింది ఏమిటి. నాలుగోది కొన్నిరోజులు ఖాళీగానే ఉంటుంది. ఉండనిస్తాను. ఎనభై ఎనిమిదో కీర్తన చదివిన రోజు ఖాళీయే. అది చీకటితోనే ముగుస్తుంది, ఏ గులాబీ మీదా ఎవరూ వేయరు. కానీ ఏడుస్తూనే ప్రార్థన చేయొచ్చని నాకు తెలిసింది అక్కడే.

అరణ్యంలో మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టేది. వాక్యమూ అంతే అనుకుంటాను. ఏరుకోవడానికి వంగాలి. మనం వంగకుండా, ఎవరో ఏరి పొట్లం కట్టి పంపింది తినేసి చేతులు కడుక్కుంటున్నాం.

తిమోతికి విశ్వాసం ఎక్కడినుంచి వచ్చిందో పౌలు రాశాడు. అవ్వ లోయి దగ్గర, అమ్మ యునీకే దగ్గర. బైబిలు కాలేజీ నుంచి కాదు. మన పిల్లలూ మన వంటింట్లోంచే నేర్చుకుంటారు. ఫ్రేము చూపిస్తే ఫ్రేము నేర్చుకుంటారు. అది పడిపోయినరోజు దేవుడే పడిపోయాడనుకుంటారు. మా ఇంట్లో ఒకరు అలాగే అనుకున్నారు.

మా ఆయన ఇంకా గుడికి రావడం లేదు. వస్తారని అబద్ధం రాయను. కానీ నిన్న కాఫీ తాగుతూ నా నోట్‌బుక్ తిరగేసి, "యోబు అయిపోయిందా, ఇప్పుడేది?" అని అడిగారు.

రేపు పొద్దున్న మీ ఫోన్‌కి వాక్యం వస్తుంది. ఆమెన్ కొట్టకముందు పాలు సిమ్‌లో పెట్టి, పుస్తకం తీసి ఆ అధ్యాయం మొత్తం చదవండి. చదివాక కూడా ఆమెన్ అనాలనిపిస్తే గట్టిగా అనండి. అప్పుడు నాకూ పంపండి.